వంటయిల్లు: రాగి శావిగలు, వెన్న

ఇటలీ దేశపు స్త్రీలు గోధుమపిండిని గ్రుడ్లతో పిసికి, పలుచగా ఒత్తి, సన్నగా కోసి, ఉడికించి, వెన్నతో వడ్డింతురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలకు తగినవి రాగి శావిగలు. గోధుమకు గల సాగెడి జిగురు రాగికి లేదు. వేడియే దానిని కూర్చును.

రెండున్నర గ్లాసుల నీరు తెర్లునపుడు ఉప్పు, చెంచాడు నెయ్యి, రెండు గ్లాసుల రాగిపిండి వేసి, మూతపెట్టి, సన్నసెగను 5 నిమిషము లుంచి, ఉండలు కట్టకుండ తెడ్డుతో కెలుకవలయును. తడిచేతితో ముద్దలు చేసి, ఆవిరిపై 15 నిమిషములు ఉడికించి, పొగలు పోవకమునుపే శావిగల పీటలోగాని, సన్నరంధ్రముల బిళ్లవేసిన మురుకుల గొట్టములోగాని ఒత్తవలయును. చల్లారిన ముద్ద గట్టిపడును, తీగ తెగును.

పైని నిమ్మకాయంత వెన్న, కొంచెము బెల్లపుపొడి చాలును. కారము కోరువారికి మిరియాలపొడి. పొట్టి పుంగనూరు ఆవుపాలలో వెన్న నూటికి 8 పాళ్లవరకు ఉండునని ప్రసిద్ధి. సామాన్యపు ఆవుపాలలో 3, 4 పాళ్లే. అంతరింపనున్న ఆ జాతిని పలమనేరు పశుపరిశోధనాస్థానము కాపాడుచు వచ్చినది. 100 గ్రాముల రాగులలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. పిల్లలకును, బాలింతలకును మేలు.

ఒక్క మాట. ఒత్తుట బలము గోరు పని. అందరికిని వేడిగా ఒత్తి వడ్డించిన ఇల్లాలికి మిగులునవి చల్లారిన తీగలే. వానిపై వెన్నయైనను కరగదు. కావున రెండు ముద్దలు ఆవిరిపైననే నిలుపుడు. ఆమె విస్తరిముందు కూర్చున్న పిదప, మగవారైనను సరే, మరియొకరు ఒత్తి వడ్డింపవలయును.