ఎంపీ గారి ఓటు ఎటు పడింది?

2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఆ సమయంలో టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. తెలుగువాళ్ల బతుకులను మలుపు తిప్పిన ఆ బిల్లుకు మన ఎంపీల్లో ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేరుపేరునా రాసిన లెక్క లేదు. ‘తెలంగాణ తెచ్చింది మేమే’ అన్నవారికీ, ‘చివరిదాకా అడ్డుకున్నాం’ అన్నవారికీ చూపించడానికి ఓటు లేదు.

చాలా బిల్లులు ఇలాగే గట్టెక్కుతాయి. ఎవరైనా డివిజన్ కోరితేనే సభ్యుల ఓట్లు నమోదవుతాయి. అప్పుడైనా బొత్తాం నొక్కే వేలు సభ్యుడిది, నిర్ణయం విప్‌ది, అంటే పార్టీ ఆదేశానిది. 1967లో హర్యానా ఎమ్మెల్యే గయాలాల్‌తో మొదలైన ‘ఆయారాం గయారాం’ ఫిరాయింపుల బాగోతానికి విరుగుడుగా 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు తెచ్చారు. దాని ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. రోగం పదవుల బేరానిదైతే, మందు నోటికి వేశారు.

బ్రిటన్‌లో 2024 జులైలో ఏడుగురు లేబర్ ఎంపీలు పిల్లల భృతిపై పరిమితి విషయంలో సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ వారిని సస్పెండ్ చేసింది. సీటు జోలికి మాత్రం పోలేదు. అది ఓటర్లు ఇచ్చింది.

మన దగ్గర బిల్లుపై మనస్సాక్షి మాట విన్నవాడి సీటుకు గండం. ఏకంగా పార్టీనే వదిలి అవతలి గట్టు చేరినవాడికి అనర్హతను తేల్చాల్సిన స్పీకర్ జాప్యమే రక్ష. తెలంగాణలో పదిమంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలపై ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

విప్ లేకపోతే ప్రభుత్వాలు నిలవవంటారు. 1999లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన మాట నిజమే. అందుకే విశ్వాస పరీక్షకూ, ద్రవ్య బిల్లులకూ విప్ ఉండనివ్వండి. మిగతా బిల్లులకు వద్దు. ఎన్నికల సంస్కరణలపై వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లో చెప్పిన దారి దాదాపు ఇదే. అనర్హతపై నిర్ణయాన్ని స్పీకర్ నుంచి తప్పించి, ఎన్నికల సంఘం సలహాతో రాష్ట్రపతికీ గవర్నర్లకూ అప్పగించాలని కూడా అది కోరింది.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఈసారి ఎంపీ గారు మీ ఊరొస్తే రోడ్డు, రేషన్ కార్డులతో పాటు ఇంకో మాట అడగండి: ఫలానా బిల్లుకు తమరి ఓటు ఎటు పడింది? ఓట్ల లెక్కే జరగలేదంటారా, మరి డివిజన్ ఎందుకు కోరలేదు?