మసి పూసుకున్నవాడికి చప్పట్లు

1927లో 'ది జాజ్ సింగర్' సినిమాలో ఆల్ జాల్సన్ అనే తెల్లోడు మొఖానికి మసి పూసుకుని పాడాడు. ఇవాళ అమెరికావోళ్లు దాన్ని చూసి సిగ్గుపడుతున్నారు. మనవాళ్లు పూసుకుంటే మాత్రం అది మహానటన. 2018లో 'రంగస్థలం'కి రామ్‌చరణ్‌ని నల్లబరిచారు. 2021లో 'పుష్ప'కి అల్లు అర్జున్‌ని, 2023లో 'దసరా'కి నానీనీ, కీర్తి సురేష్‌నీ. కూలోడంటే నలుపు, మట్టి, చింపిరి జుట్టు. సరే, అలాగే అనుకుందాం. మరి ఆ నలుపు పుట్టుకతోనే ఉన్నవాడు మీకెందుకు దొరకలేదు?

'పుష్ప'కి ఉత్తమ నటుడి జాతీయ అవార్డు 2023లో ప్రకటించారు. తెలుగు నటుడికి రావడం అదే మొదటిసారి. సంతోషమే. కానీ ఆ రంగు సాయంత్రం కడుక్కుంటే పోయేది. మా చిన్నాన్న గోవాడ సుగర్ ఫ్యాక్టరీకెళ్లే చెరకు ఏళ్ల తరబడి కొట్టాడు. ఆయన రంగు ఏ సబ్బుకీ పోలేదు.

నేను బుచ్చయ్యపేట దగ్గర మాలపేటలో పుట్టాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. 'కర్రిగుంటా' అని మా అమ్మ ముద్దుగా పిలిచేది. ఊళ్లోవాళ్ల నోట అదే మాట ముద్దు కాదు. వాళ్ల పిల్ల నల్లగా పుడితే చామనచాయ, మా పిల్లయితే కర్రిది. అసలు కృష్ణుడంటేనే నల్లనివాడు కదా! ఆయనక్కూడా నీలం పూసి నలుపుని దాచేశారు.

నేను పనిచేసిన ఒక బడిలో పంద్రాగస్టుకి భరతమాత వేషం కట్టించారు. మాటలన్నీ గడగడా అప్పజెప్పింది మా పేట పిల్ల. వేషం దక్కింది మాట పెగలని ఇంకో పిల్లకి. "భరతమాత తెల్లగా ఉండాలి కదండీ మేడం" అన్నాడొక మాస్టారు, చాలా మర్యాదగా. "మరి మా గుంటకేటి వేషం?" అన్నాను. "కూలిదాని వేషం ఉంది కదా, మేకప్ ఖర్చు కూడా ఉండదు" అన్నాడు. స్టాఫ్ రూమంతా నవ్వింది. భరతమాత ఎండలో ఊడుపుకి ఎప్పుడూ వెళ్లలేదాండీ అని అడిగాను. జవాబు రాలేదు, టీ వచ్చింది.

లెక్క చూడండి. కోట్లు రానిచోట కూలి వేషం మా పిల్లది. కోట్లు వచ్చేచోట అదే కూలి వేషం వారసుడిది.

"నటనంటే పరకాయ ప్రవేశం, అందులో కులమేటి?" అంటారు నా మిత్రులు. వాళ్లలో ఎర్రజెండా పట్టినవాళ్లూ ఉన్నారు. ఒప్పుకుంటాను. అయితే ఆ ప్రవేశం ఒకవైపే ఎందుకు జరుగుతోంది? 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీస్తే, మాలపిల్లగా కాంచనమాల వెలిగిపోయింది. మంచి సినిమానే, కాదనను. ఇంచుమించు ఆ రోజుల్లోనే మలయాళంలో తొలి మూకీ 'విగతకుమారన్'లో పి.కె.రోసీ అనే దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం వేసింది. ఆమె ఇల్లు తగలబెట్టారు. తమిళ దేశం పారిపోయింది. మళ్లీ తెరమీదకి రాలేదు. మీరు మేమైతే కళ, మేము మీరైతే నేరం. దీన్నే అక్కడ తెల్లతనపు హక్కు అంటున్నారు. ఇక్కడ దానికి రంగుతోపాటు కులం కూడా ఉంది.

యాస సంగతీ అంతే. 2022లో మా జిల్లా విశాఖ పోయి అనకాపల్లి అయింది. 'ఏటి', 'నానొస్తన్నాను' అనే మా మాటలు మాత్రం తెరమీద నౌకరుకీ, జోకరుకీ ఇచ్చేస్తారు. హీరోది ఎక్కువగా కృష్ణా, గుంటూరు తెలుగే. 2020లో కరుణకుమార్ 'పలాస 1978' తీశాడు. దళిత అన్నదమ్ముల కథ, మా ఉత్తరాంధ్ర మాటల్లోనే. మా మాట వినబడినా జనం నవ్వకుండా కూర్చోవడం నేను అప్పుడే చూశాను.

దానికి కటౌట్లు లేవు. కటౌట్లున్న హీరోలకి పాలు పోసేవాళ్లలో మా పేట కుర్రాళ్లు చాలామంది. వాళ్లిళ్లల్లో టీలోకి పాలుండవు. వాళ్లని తిట్టడానికి నాకు నోరు రాదు. పుట్టిందగ్గర్నించీ వాళ్లకి చూపించింది ఆ నాలుగు మొఖాలే.