కుండీలో మొక్కకు ఊపిరి

పిల్లలూ, మీ ఇంట్లో కుండీలో తులసిమొక్క ఉన్నదా? దానికి రోజూ చెంబెడు నీళ్ళు పోస్తూనే ఉంటారు. అయినా ఒకనాడు అది వాడిపోతుంది. దాహం వేసిందేమోనని ఇంకొక చెంబు పోస్తారు. మర్నాటికి అది మరింత వాలిపోతుంది. అప్పుడు దానికి కావలసింది నీరు కాదు, గాలి!

మనకు లాగే వేళ్ళకు కూడా ఊపిరి ఆడాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఆ సందులన్నీ నీటితో నిండి అలాగే ఉండిపోతే వేళ్ళు కుళ్ళిపోతాయి. కుళ్ళిన వేళ్ళు నీటిని పీల్చలేవు గనక, మొక్క నీళ్ళలో ఉండి కూడా వాడిపోతుంది.

అందుకే కుండీ అడుగున చిల్లు ఉండాలి. చాలామంది ఆ చిల్లు మీద బెత్తెడు మందాన గులకరాళ్ళు పోసి, పైన మట్టి నింపుతారు. నీరు త్వరగా దిగిపోతుందని వారి నమ్మకం. ఇది నిజమేనా? ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి.

పలకలా ఉండే స్పాంజిముక్కను నీటిలో నానబెట్టి, అడ్డంగా పట్టుకుని పైకెత్తండి. కొంత నీరు కారి ఆగిపోతుంది. ఇప్పుడు పిండకుండా దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీరు కారుతుంది! ఎందుకని? సన్నని సందులు నీటిని కొంత ఎత్తు వరకే నిలిపి ఉంచగలవు. ఆ ఎత్తు దాటిన భాగం నుంచి నీరు దిగిపోతుంది.

మట్టి కూడా ఇంతే. మట్టి నీటిని పట్టి ఉంచే ఈ శక్తిని గురించి 1907లో అమెరికాలో ఎడ్గార్ బకింగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞుడు వివరించాడు. రాళ్ళ మధ్య సందులు పెద్దవి. అవి నీటిని కిందికి లాగలేవు. వాటిపైన ఉన్న మట్టి పూర్తిగా నానితే గాని నీరు రాళ్ళలోకి దిగదు. కుండీ అడుగున ఉండవలసిన ఆ తడిపొర, బెత్తెడు రాళ్ళు పోస్తే బెత్తెడు పైకి వస్తుంది. వేళ్ళకు మిగిలే చోటు కూడా తగ్గిపోతుంది.

మరి ఏం చెయ్యాలి? మట్టి కొట్టుకుపోకుండా చిల్లు మీద ఒక్క కుండపెంకు బోర్లించండి, లేదా కాస్త కొబ్బరిపీచు పలచగా పరవండి. ఆపైన అంతా మట్టే. మట్టి జిగటగా ఉంటే బాగా చివికిన ఆకుల ఎరువు అందులో కలపండి. చిల్లు నేలకు అంటుకోకుండా కుండీని ఇటుకముక్కల మీద నిలబెట్టండి.

ఇక నీళ్ళు పోసే ముందు మట్టిలో వేలు గుచ్చి చూడండి. లోపల తడి తగిలిందా, ఆ పూటకు చెంబు పక్కన పెట్టెయ్యండి!