ఎందుకైనా మంచిదని!

మొన్న స్కార్‌బరోలో తెలిసినవాళ్ళు పిల్లాడి పుట్టినరోజుకి "ఎందుకైనా మంచిదని" మూడు వందల మంది పట్టే హాలు తీసుకున్నారు. వచ్చింది అరవై మంది. అదే రోజుకి హాలు కోసం తిరిగిన మరో స్నేహితుడికి అది దొరకలేదు.

మర్నాడు ఆఫీసులోనూ ఇదే కథ. ఆర్డర్ బై ఉన్న క్వెరీకి ఎస్‌క్యూఎల్ సర్వర్ పని మొదలుపెట్టకముందే వరుసలెన్నో, ఒక్కో వరుస ఎంత పొడవో అంచనా కట్టి మెమరీ కేటాయిస్తుంది. అంచనా తక్కువైతే సార్టింగు టెంప్‌డీబీలోకి, అంటే డిస్కు మీదకి పొర్లుతుంది. ఆ ఒక్క క్వెరీ నత్తనడక నడుస్తుంది. ఎక్కువైతే మెమరీ ఖాళీగా ఉన్నా తక్కిన క్వెరీలు వాకిట్లో నిలబడాలి.

మా టేబుల్లో చిరునామాకి ఎవరో వార్‌చార్ 4000 అని రాశారు. అందులో సగం, అంటే 2000 బైట్లు, నిండుతుందని ఇంజను అనుకుంటుంది. కోటి వరుసలకి 20 జీబీ! నిజానికి మా చిరునామాలు 60 బైట్లు దాటవు. 600 ఎంబీతో సరిపోయేది.

పోయినసారి వాడకం చూసి కేటాయింపు సరిదిద్దుకునే పద్ధతి 2017, 2019 వెర్షన్లలో వచ్చింది. మంచిదే. కానీ మొదటిసారి దెబ్బ తప్పదు.

నా మటుకు నాకు తప్పు ఇంజనుది కాదు, మనదే అనిపిస్తుంది. ఇంకాస్త ర్యామ్ కావాలని మేనేజరుని అడిగేముందు టేబుల్లో కాలమ్ పొడవులు ఒకసారి చూడండి. వచ్చేదెందరో మనం నిజం చెబితేనే కదా, హాలు సరిపడా దొరికేది!