కారం తినకున్నా నోట్లో మంటేనా?

ఢిల్లీలోని సరోజినీ నగర్‌లో కాపురముండే 54 ఏళ్ల తెలుగు గృహిణిని ఊహించుకోండి. పొద్దున లేచేసరికి బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి నాలుక కొస చురుక్కుమంటుంది. మార్కెట్‌కి వెళ్లి వచ్చేసరికి, వేడి కాఫీతో నోరు కాల్చుకున్నట్టు మంట. ఆవకాయ మానేశారు, పచ్చిమిర్చి మానేశారు, మంట మాత్రం పోలేదు. దంతవైద్యుడు నోరంతా చూసి ఏమీ లేదన్నాడు. ఇంట్లోవాళ్లు అంతా అనుమానమే అన్నారు. ఆమెకు మాత్రం లోలోపల ఒకటే భయం, క్యాన్సరేమోనని.

ఇలాంటి వారి బాధ నిజమైనదే. నోట్లో పుండు, పూత ఏదీ లేకుండా రోజూ రెండు గంటలకు పైగా, మూడు నెలలు దాటి మంట ఉంటే, పరీక్షల్లో వేరే కారణమేదీ తేలకపోతే దాన్ని 'బర్నింగ్ మౌత్ సిండ్రోమ్' అంటారు. రుతుక్రమం ఆగిపోయిన స్త్రీలలో ఎక్కువ. నోరు ఎండినట్టు, నాలుక చేదుగానో లోహపు రుచితోనో ఉన్నట్టు అనిపిస్తుంది. విచిత్రమేమంటే, చాలామందికి తింటున్నంతసేపూ మంట తగ్గుతుంది.

అయితే ఆ పేరు పెట్టేముందు ఇతర కారణాలను వెదకాలి. ఐరన్, బి12, ఫోలిక్ ఆమ్లం, జింక్ లోపాలు, మధుమేహం, థైరాయిడ్ సమస్య, ఫంగస్ ఇన్‌ఫెక్షన్, కడుపులోని ఆమ్లం పైకి తన్నడం, సరిగా అమరని కట్టుడు పళ్లు, టూత్‌పేస్టు పడకపోవడం వంటివన్నీ మంట పుట్టించగలవు. శాకాహారులు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారు బి12 సంగతి తప్పక చూసుకోవాలి. ఎనలాప్రిల్ వంటి బీపీ మందులూ కొందరికి కారణమవుతాయి. అలాగని వాటిని సొంతంగా ఆపకూడదు, డాక్టరే మార్చాలి. రక్త పరీక్ష చేయించకుండా నెలల తరబడి బి కాంప్లెక్స్ మింగితే అసలు కారణం మరుగునపడుతుంది.

గుట్కా, వక్క నమిలేవారికి మంటతోపాటు నోరు తెరుచుకోవడం తగ్గుతుంటే అది వేరే జబ్బు, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. అది క్యాన్సర్‌గా మారే ప్రమాదముంది. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి కాల్చే 'అడ్డపొగ' అలవాటున్నవారికీ అంగిలి పరీక్ష అవసరం. తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, రెండు వారాలకూ మానని పుండు, రక్తస్రావం, తిమ్మిరి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

ఏ కారణమూ దొరకకపోతే దృష్టి నరాల మీదికి మళ్లుతుంది. ఇలాంటి రోగుల నాలుకలో సన్నని నరాల పోగులు తగ్గినట్టు 2005లో ఇటలీ పరిశోధకులు చూపారు. అంటే మంట వస్తున్నది ఆహారం నుంచి కాదు, నొప్పిని మోసే నరాల నుంచి. ఆందోళన, దిగులు, నిద్రలేమి దాన్ని పెంచుతాయి.

అందరికీ పనిచేసే మందు లేదు. క్లోనజెపామ్ మాత్రను మూడు నిమిషాలు నోట్లో చప్పరించి ఉమ్మేసే పద్ధతి కొందరికి ఉపశమనమిస్తుంది. అది అలవాటు పడే మందు కాబట్టి డాక్టర్ చీటీ తప్పనిసరి. తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటివీ, మానసిక చికిత్సా ఉపయోగపడతాయి. మిరపకాయకు కారమిచ్చే క్యాప్సైసిన్‌నూ చికిత్సగా ప్రయత్నించారు. ఇంట్లో కారం పుక్కిలించే ప్రయోగాలు మాత్రం వద్దు. చల్లటి నీరు గుక్కగుక్కగా తాగడం, మంచుముక్క చప్పరించడం, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, ఘాటైన పుదీనా పేస్టు మానేయడం మేలు చేస్తాయి.

సరోజినీ నగర్‌వాసులకు సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఎయిమ్స్ దగ్గర్లోనే ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. వెళ్లాల్సింది ఓరల్ మెడిసిన్ విభాగానికి. ఈ సిండ్రోమ్ క్యాన్సర్‌గా మారదు. కొందరికి కొన్నేళ్లకు దానంతటదే తగ్గుతుంది కూడా. ఆ మాట డాక్టర్ నోట వింటే సగం భారం దిగుతుంది. మిగతా సగం దిగాలంటే, 'అనుమానమే' అనడం ఇంట్లోవాళ్లు మానాలి.