జనాన్ని గొర్రెలు చేసిందెవరు?

ఎన్నికల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఒక మాట వింటాం. హిందూపురం బస్టాండులోనైనా, మడకశిర తాలూకాఫీసు కాడనైనా, అగళి టీ అంగడి ముందరైనా అదే మాట. "జనం గొర్రెలబ్బా. ఒకటి యాడికి పోతే అన్నీ ఆడికే పోతాయి." ఈ మాట అనేవాళ్లు ఎక్కువగా నాలుగక్షరాలు చదివినోళ్లు, నాలుగెకరాల తోట ఉన్నోళ్లు. జనానికి బుద్ధి లేదు కాబట్టే నియంతలు పుడతారని, బుద్ధి ఉన్నోళ్ల చేతికి పెత్తనం ఇస్తే అన్నీ సర్దుకుంటాయని వాళ్ల సిద్ధాంతం. మనకిది కొత్త మాట కాదు. "వీళ్లకు బుద్ధి లేదు, వీళ్లను మనమే నడపాల" అని చెప్పే కదా తరతరాలుగా మనల్ని ఊరి బయట పెట్టింది!

అందుకే ఈ మాటను ఊరికే వదలకూడదంటున్నాం. మనిషి బుద్ధికి హద్దులున్నాయి, నిజమే. గుంపులో నిలబడితే ఆ హద్దులు ఇంకా ముందుకు జరుగుతాయి, అదీ నిజమే. కానీ ఆ హద్దులు గీసిందెవరు? అవి మాల మాదిగ గేరికేనా, మిద్దెల్లో ఉండేవాళ్లకు లేవా?

మన రాష్ట్రం చూసిన సంగతే తీసుకుందాం. 1975 జూన్ 25 రాత్రి ఇందిరాగాంధీ ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టింది. అది 21 నెలలు నడిచింది. ప్రతిపక్ష నాయకులను జైళ్లలో వేశారు. పేపర్లకు సెన్సారు పెట్టారు. 1977 మార్చిలో ఎన్నికలు జరిగితే ఉత్తరాది జనం కాంగ్రెస్‌ను ఊడ్చేశారు. యూపీలో 85 సీట్లు, బీహారులో 54 సీట్లు. వాటిలో ఒక్కటి కూడా కాంగ్రెస్‌కు దక్కలేదు. ఇందిరాగాంధీ స్వయంగా రాయబరేలీలో ఓడిపోయింది. మరి ఆంధ్రప్రదేశ్‌లో? 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. తప్పిపోయింది నంద్యాల ఒక్కటి. అక్కడ జనతా పార్టీ తరఫున గెలిచింది మన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి.

దీనికి పెద్దలు చెప్పే అర్థం ఒకటే. ఉత్తరాదోళ్లకు స్వేచ్ఛ విలువ తెలుసు, తెలుగోళ్లు గొర్రెలు. కానీ కొంచెం నెమ్మదిగా ఆలోచించండి. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు పల్లె పల్లెనూ వణికించాయి. ఆ దెబ్బ దక్షిణాదికి అంతగా తగల్లేదు. అక్కడి జనం రాజ్యాంగం చదివి తిరగబడలేదు, ఒంటికి తగిలిన దెబ్బకు తిరగబడినారు. ఇక్కడి పేదోళ్లకు ఆ రోజుల్లో కనిపించిందేమిటి? 20 సూత్రాల కార్యక్రమం కింద ఇళ్ల స్థలాల మాట, భూమి పట్టాల మాట. 1975 అక్టోబరులో వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్సు, 1976లో చట్టం. అప్పు కింద ఏండ్ల తరబడి జీతం ఉండే మనిషికి ఢిల్లీ నుంచి "నీ బాకీ చెల్లిపోయింది" అనే మాట వస్తే వాడు దాన్ని నమ్మాడు. ఇంటి ముందరున్న దొర మీద దూరంగా ఉన్న దొరసాని పెత్తనం చేస్తుందని ఆశపడ్డాడు.

దీన్ని బుద్ధిలేనితనం అందామా? మేమట్ల అనం. అది బలహీనుని లెక్క. దగ్గరి నియంత కంటే దూరపు నియంత మేలు అనే లెక్క. ఎమర్జెన్సీ పోయిందని పేపర్లు రాసిన రోజున కూడా మన గేరిలో ఎమర్జెన్సీ పోలేదు. రచ్చకట్ట ముందర చెప్పులు చేతబట్టుకోవడం పోలేదు. టీ అంగడిలో వేరే గ్లాసు పోలేదు. ఊర్లో లేని స్వేచ్ఛను దేశంలో పోగొట్టుకున్నామని బాధపడేదెట్లా?

కానీ ఆ లెక్కలో ఒక బాకీ దాగి ఉంది. అదే ఎమర్జెన్సీలో 1975 డిసెంబరు 1న ఆదిలాబాద్ జిల్లా రైతు కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ముషీరాబాద్ జైలులో ఉరి తీశారు. భూమి మాట ప్రభుత్వమే చెప్తే అది సూత్రం. అదే మాట పేదోడు చెప్తే నేరం. పై నుంచి వచ్చే మేలును చేయి చాపి తీసుకోవచ్చు, నిలబడి అడిగితే మాత్రం మెడకు తాడు. మన లెక్కకు అందకుండా పోయింది ఇదే. దీపం వెలుగు పడినంత మేర బుద్ధి సరిగ్గానే పనిచేసింది, దాని అవతలి చీకటి దానికి కనపడలేదు.

సరే, మనది చిన్న దీపం. పెద్ద దీపాలున్నోళ్లు ఏం చేశారు? ఎమర్జెన్సీలో అరెస్టయిన మనిషి కోర్టుకు పోయి "నన్నెందుకు పట్టుకున్నారు" అని అడగొచ్చా అనే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అయిదుగురు జడ్జీలు, దేశంలోకెల్లా చదువుకున్నోళ్లు. 1976 ఏప్రిల్ 28న నలుగురు జడ్జీలు "అడగడానికి లేదు" అని తీర్పు చెప్పారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే కాదన్నాడు. దానికి ఆయన చెల్లించిన వెల, 1977 జనవరిలో చేతికి రావాల్సిన ప్రధాన న్యాయమూర్తి పదవి. ఆయన కంటే చిన్నవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ నలుగురి తీర్పు తప్పని సుప్రీంకోర్టే ఒప్పుకోవడానికి 2017 దాకా పట్టింది.

ఇంకా దూరం పోదాం. 1942 జనవరి 20న జర్మనీలో బెర్లిన్ పక్కన వాన్సీ అనే చోట 15 మంది నాజీ పెద్దలు కూర్చున్నారు. యూరప్‌లోని యూదులందర్నీ లేకుండా చేసే పనిని ఏ శాఖ ఎట్ల పంచుకోవాలనేదే వాళ్ల సమావేశం. ఆ 15 మందిలో 8 మంది డాక్టరేటు పట్టాలున్నోళ్లు. నిరక్షర కుక్షి ఒక్కడూ లేడు. చదువు మనిషికి ఆయుధం, నిజమే. కానీ ఆయుధం ఎవురి వైపు తిప్పాలో చదువు తనంతట తాను చెప్పదు.

మరి బుద్ధి ఎందుకట్ల పక్కకు తప్పుకుంటుంది? ఈ ప్రశ్నకు మన బాబాసాహెబ్ 1936లోనే జవాబు వెతికాడు. కులనిర్మూలన మీద ఆయన రాసిన ఉపన్యాసాన్ని లాహోరులో చదవనీయలేదు, ఆయన దాన్ని సొంతంగా అచ్చు వేయించాడు. అందులో రైలు సంగతి ఒకటుంది. రైలెక్కిన సవర్ణుడు పక్కన ఎవురున్నా కూర్చుంటాడు, దొరికింది తింటాడు. రైలు దిగి ఊరు చేరగానే మళ్లీ కులం పాటిస్తాడు. రైల్లో లేని కులం ఇంట్లో ఎందుకు అనే ప్రశ్న వానికి రాదు. అంబేద్కర్ చెప్పేదేమంటే, మనిషి ఎప్పుడూ ఆలోచించి బతకడు. ఎక్కువ భాగం అలవాటుతో బతుకుతాడు. ఇబ్బంది ఎదురైనప్పుడే ఆలోచన పుట్టాల. కానీ ఆ ఇబ్బందికి కూడా శాస్త్రం ముందే ఒక సందు చూపించింది. వీలైనంత వరకు పాటించు, వీలుకానప్పుడు ప్రాయశ్చిత్తం చేసుకో అని. అట్ల ప్రశ్న పుట్టకముందే దాని నోరు నొక్కేసింది.

నియంతకు కావలసిన మనిషిని తయారు చేసే కార్ఖానా ఇదే. కులం మెట్ల మాదిరిది. ప్రతి ఒక్కనికీ పైన ఒకడు, కింద ఒకడు. పైవాని ముందర వంగిన నడుం నొప్పిని కిందివాని మీద తీర్చుకుంటాడు. పుట్టినప్పట్నుంచి వంగడం, తొక్కడం రెండూ ఒకేసారి నేర్చిన మనిషికి ఢిల్లీలోనో హైదరాబాదులోనో ఒక పెద్ద నాయకుడు కనిపిస్తే కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేదు. రచ్చకట్ట మీద కూర్చున్న మనిషే టీవీలో పెద్దగా కనిపిస్తాడు, అంతే.

గుంపు మీద ఇంకో అబద్ధం ఉంది. గుంపుకు పిచ్చి పడుతుంది, ఆ పిచ్చిలో ఏం చేస్తుందో దానికే తెలీదంటారు. తెలీకపోవడమేమి? 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపిన గుంపుకు ఎవర్ని కొట్టాలో తెలుసు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను పొలాల్లో తరిమి చంపిన గుంపుకు అంతకు ముందే సాంఘిక బహిష్కారం పెట్టి కూలి ఆపడం తెలుసు. అక్కడ గొడవ మొదలైంది సినిమా హాల్లో. చదువుకున్న దళిత పిల్లోని కాలు పెద్ద కులపాయనకు తగిలింది. ఆ గుంపుకు పిచ్చి పట్టలేదు, పెత్తనం చేజారుతుందనే భయం పట్టింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మనకు దగ్గర్లోని కంబాలపల్లిని మరిచిపోలేం. సరిహద్దు దాటితే కర్ణాటకలో చింతామణి తాలూకా. 2000 మార్చి 11న అక్కడ 7 మంది దళితులను ఇంట్లో పెట్టి కాల్చేశారు. 2006లో ముద్దాయిలంతా విడుదలయ్యారు. కారణం? సాక్షులు కోర్టులో ఎదురు తిరిగారు. వాళ్లను తిట్టడం సులభం. కానీ ఆ సాక్షి బోనులో ఒంటరిగా నిలబడ్డాడు. సాయంత్రం ఏ ఊరికి పోవాల? ఎవురి చేన్లో కూలికి పోవాల? కండ్లతో చూసిందాన్ని చూడలేదని చెప్పించింది బుద్ధి లోపం కాదు, ఒంటరితనం.

ఈ ఒంటరితనం మీద 1950ల మొదట్లో అమెరికాలో సాల్మన్ ఆష్ అనే ఆయన ఒక పరీక్ష చేశాడు. ఒక గీత చూపించి, దానికి సరిసమానమైన గీత ఈ మూడింట్లో ఏదని అడిగాడు. చిన్నపిల్లోడు చెప్పే జవాబు. గదిలో ఒక్కడే అసలు మనిషి. తక్కినోళ్లంతా ముందే మాట్లాడుకుని కొన్నిసార్లు కావాలని తప్పు చెప్తారు. ఆ ఒక్కడు ఏం చేశాడు? అట్ల తప్పు చెప్పిన ప్రతిసారీ లెక్క తీస్తే, వాళ్ల జవాబుల్లో సుమారు మూడో వంతు గుంపు వెంబడే పోయాయి. నలుగురిలో ముగ్గురు ఒక్కసారైనా కండ్లను కాదని గుంపు మాటే చెప్పారు. వాళ్లంతా కాలేజీ చదువులోళ్లు. కొట్టేవాళ్లు లేరు, కూలి ఆపేవాళ్లు లేరు. అయినా లొంగినారు. తర్వాత ఆష్ ఒక చిన్న మార్పు చేశాడు. నిజం చెప్పే ఇంకొక్క మనిషిని పక్కన కూర్చోబెట్టాడు. లొంగడం నాలుగో వంతుకు పడిపోయింది. బుద్ధిని పెంచలేదు, పాఠం చెప్పలేదు. తోడు ఇచ్చాడు, అంతే.

మేము చెప్పదలచుకున్నది ఇదే. నియంతృత్వాన్ని ఆపేది బుద్ధి ఒక్కటే కాదు. బుద్ధి పక్కన నిలబడే ఇంకో మనిషి కావాల. ఆ ఇంకో మనిషి పేరే సంఘం.

అయితే సంఘమే గుంపు అయితే? ఇక్కడే మనం మన మీద కూడా వేలు పెట్టుకోవాల. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఒక హెచ్చరిక చేశాడు. మతంలో భక్తి ఆత్మకు మోక్షం ఇస్తుందేమో గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరకు నియంతృత్వానికి దారి అని ఆయన మాటల సారం. మన జిల్లా పేరే ఒక స్వామి పేరు. భక్తి మనకు గాలి మాదిరి. ఎవురి గుడికి వాళ్లు పోవచ్చు, దాంతో మాకు తగాదా లేదు. కానీ నాయకుని ఫ్లెక్సీకి పాలు పోసే చేయి రేపు ఆ నాయకుణ్ణి లెక్క అడుగుతుందా? చెప్పిన అంబేద్కర్‌కే దండేసి, ఆయన పుస్తకం తెరవకుండా మొక్కితే అదీ భక్తే. ఆయన బొమ్మను కాపాడుకోవాల, ఆయన ప్రశ్నను అంతకంటే కాపాడుకోవాల.

2009 ఎన్నికల నుంచి మన మడకశిర అసెంబ్లీ సీటు ఎస్సీలకు రిజర్వుడు. మంచిదే, అది మన హక్కు. కానీ ఏ రిజర్వుడు సీటులోనైనా టికెట్ ఇచ్చేవాడు వేరు, ఓట్లు మలిపేవాడు వేరు, కుర్చీలో కూర్చునేవాడు వేరు. కూర్చున్నాయన మనోడే కదా అని మనం నోరు మూసుకుంటే, ఆయన నోరు మూయించే పని పైవాళ్లకు ఇంకా సులభం. మనం అడుగుతూ ఉంటేనే "మా జనం ఊరుకోరు" అని చెప్పే బలం ఆయనకొస్తుంది.

కాబట్టి ప్రతి గేరిలో ఈ పనులు మొదలుపెట్టమని కోరుతున్నాం.

అట్రాసిటీ కేసులో సాక్షి ఒక్కడే కోర్టుకు పోకూడదు. పదిమంది వెంట పోవాల, ఆ రోజు వాని కూలి సంఘం కట్టాల. వక్కతోటలోనైనా పట్టుపురుగుల షెడ్డులోనైనా కూలి రేటు అడగడానికి ఒక్కడు పోతే వాడు తిరగబడ్డోడు, అందరూ పోతే అది బేరం. పోతే అందరమూ పోదాం. కూలి ఆపితే పది రోజులు గడిచేంత గింజలు సంఘంలో దాచాల. ఎందుకంటే పొయ్యి ఆరిపోతే బుద్ధి కూడా ఆరిపోతుంది.

సంఘం లెక్కలు నెలకోసారి అందరి ముందర చదవాల. చదువు రాని ముసలమ్మ కూడా "ఆ వంద ఏమయింది నాయనా" అని అడిగేటట్లుండాల. అధ్యక్షుడు రెండేండ్లకు మారాల. మీటింగులో కాదన్నవాణ్ణి ద్రోహి అనకుండా, వాని మాట రాసుకుని మళ్లీ చర్చించాల. ఫోనులో వచ్చిన వార్తను పంపే ముందర "దీన్ని చూసినోడెవడు?" అని ఒక్క ప్రశ్న వేసుకోవాల. కంబాలపల్లి మాదిరి చోట మంటకు ముందర నడిచేది పుకారే.

ఇంక పిల్లలు. ఇంట్లో "ఎదురు మాట్లాడొద్దు", బడిలో "నోరు మూసుకో", ఊర్లో "పెద్దల ముందర నిలబడొద్దు". మూడు చోట్ల ఒకే పాఠం నేర్చిన బిడ్డ పద్దెనిమిదేండ్లకు ఓటేసేటప్పుడు ఒక్కసారిగా స్వతంత్రుడెట్లా అవుతాడు? బడిలో పాఠం చెప్పే మాలాంటోళ్లం, ఇంట్లో తల్లిదండ్రులం అందరం బిడ్డ అడిగిన "ఎందుకు"కు జవాబు చెప్పడం నేర్చుకోవాల. జవాబు తెలీకపోతే బిడ్డతో కలిసి వెతకాల.

జనం గొర్రెలు కాదు. గొర్రెలను చేసే కట్టడి ఒకటుంది. అది కులం కట్టిన దొడ్డి. దాని కంచె బయట్నుంచి ఎవరో దయతలిచి తీస్తారని ఎదురుచూస్తే, తీసినోడు ఇంకో దొడ్డికి తోలుకుపోతాడు. లోపల్నుంచి మనమే తీయాల, ఇద్దరిద్దరుగా, పదిమందిగా.

జై భీమ్!