నైట్రోజన్ కొట్టించాం కదా!

మొన్న వేసవిలో లింగాల వెళ్లాం. నాగర్‌కర్నూలు జిల్లాలో, నల్లమల అంచున ఉంటుందా ఊరు. అక్కడ మా చిన్నాయన ఉంటారు. తెల్లారి అందరం ఆయన కారులో శ్రీశైలం పోవాలన్నది ప్రోగ్రాం. పెద్దవాళ్లం నలుగురం, పిల్లలిద్దరు, డిక్కీ నిండా సామాన్లు.

బయల్దేరే ముందు బండి చుట్టూ ఓసారి తిరిగా. ముందు ఎడమ టైరు కాస్త అణిగినట్టు కనిపించింది. ‘చిన్నాయనా, గాలి చూపిద్దాం’ అన్నాను. ‘అక్కర్లేదు బిడ్డా, హైదరాబాద్‌ల నైట్రోజన్ కొట్టించిన. గది దిగదు. మామూలు గాలి కలిపితే ఖరాబైతది’ అన్నారు ధీమాగా. చూస్తే వాల్వులకు ఆకుపచ్చ మూతలున్నాయి, నిజమే. ఎప్పుడు కొట్టించారని అడిగితే... సంక్రాంతికట! మేం వెళ్లింది మే నెలలో.

బతిమాలి రోడ్డు మీది పంక్చర్ షాపుకి తీసుకెళ్లా. మూడు టైర్లు 30 దగ్గర ఉన్నాయి. నాలుగోది 21! సబ్బునీళ్లు పోస్తే బుడగలొచ్చాయి. లోపల మొల. ‘గాలైనా గ్యాసైనా బొక్క పడ్డంక ఆగుతదా సార్’ అన్నాడా మెకానిక్.

ఆ టైరుతో, అంత బరువుతో, మే ఎండలో మన్ననూరు దాటి ఘాట్ ఎక్కేవాళ్లం. గాలి తగ్గిన టైరు తిరిగేటప్పుడు పక్కలు ఎక్కువగా వంగి లేస్తుంటాయి. అలా వంగిన ప్రతిసారీ వేడి పుడుతుంది. వేగం, బరువు, ఎండ తోడైతే లోపలి పొరలు విడిపోయి టైరు పేలుతుంది. ఆ అడవి దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు.

‘నైట్రోజన్ దిగదు, అందులో గాలి కలపకూడదు’... ఈ రెండూ మా చిన్నాయన ఒక్కరి నమ్మకాలు కావు. మా ఆఫీసులోనే నలుగురు ఇదే మాట చెప్పారు. అందుకే కాస్త లోతుగా చూద్దామనిపించింది.

ముందు చిన్న లెక్క. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. అంటే పెట్రోలు బంకులో ఉచితంగా కొట్టించుకునే గాలిలో మూడొంతులకు పైగా అదే ఉంది. డబ్బిచ్చి మనం కొనుక్కునేది మిగతా ఆక్సిజన్, తేమ లేకపోవడాన్ని! పోనీ, అదైనా పూర్తిగా దక్కుతుందా? టైరులో గాలంతా తీసేశాం అనుకున్నా బయటి వాతావరణమంత ఒత్తిడితో కొంత లోపల ఉండనే ఉంటుంది. దానిమీద 95 శాతం నైట్రోజన్‌ను 32 పాయింట్ల వరకు నింపితే, లోపల ఇంకా దాదాపు 10 శాతం ఆక్సిజన్ మిగులుతుంది. అది తగ్గాలంటే రెండు మూడుసార్లు తీసి నింపాలి. అంత ఓపిక ఎంతమందికి?

మరి లాభమే లేదా? ఉంది, కొంచెం. రబ్బరులోంచి నైట్రోజన్ కాస్త నెమ్మదిగా బయటికి పోతుంది. అమెరికాలో ‘కన్స్యూమర్ రిపోర్ట్స్’ పత్రిక 31 రకాల టైర్లతో దీన్ని పరీక్షించి 2007లో ఫలితాలు చెప్పింది. అన్నిటినీ 30 పాయింట్లకు నింపి ఏడాదిపాటు ఆరుబయట వదిలేశారు. మామూలు గాలి సగటున 3.5 పాయింట్లు తగ్గితే, నైట్రోజన్ 2.2 తగ్గింది. ఏడాది మొత్తానికి తేడా 1.3 పాయింట్లు! పైగా అవి మొలలు గుచ్చుకోని, గుంతల్లో పడని టైర్లు.

‘ఎండకు నైట్రోజన్ ఉబ్బదు’ అంటారు కొందరు. అదీ తప్పే. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచిస్తాయి. టైరు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రెండిట్లోనూ సుమారు ఒకటిన్నర పాయింటు పెరుగుతుంది.

విమానాల సంగతి వేరు. 1986 మార్చి 31న మెక్సికోలో మెక్సికానా సంస్థ బోయింగ్ 727 కూలి 167 మంది చనిపోయారు. బ్రేకు వేడెక్కి, చక్రాల గదిలో టైరు పేలి, ఇంధన గొట్టాలు తెగడమే కారణం. ఆ టైరులో నైట్రోజన్‌కు బదులు మామూలు గాలి ఉంది. టన్నుల బరువుతో దిగి, ఎర్రగా కాలే బ్రేకుల పక్కన తిరిగే ఆ టైర్లకు ఆక్సిజన్ నిజంగానే ప్రమాదం. మన కారు చక్రం ఆ స్థితికి రాదు. 2019లో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ టైర్లలో నైట్రోజన్ తప్పనిసరి చేసే ఆలోచన ఉందని రాజ్యసభలో చెప్పారు.

కొట్టించుకోవద్దని నేననడం లేదు. ఉచితంగా దొరికితే భేషుగ్గా కొట్టించండి. కానీ టైరు దిగిందని తెలిసీ, ‘పట్నం పోయినప్పుడు నైట్రోజనే పట్టిద్దాం’ అని ఆ బండినే నడపకండి. మామూలు గాలి కలిపితే ఏమీ కాదు. రెండూ చక్కగా కలిసిపోతాయి, టైరుకు ఏ హానీ లేదు. తగ్గేది ఆ కాస్త స్వచ్ఛతే.

నెలకోసారి, దూరప్రయాణానికి ముందు, బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. ఎంత ఉండాలన్నది డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చేసిన అంకె అది భరించగల గరిష్ఠ ఒత్తిడి, అంత కొట్టించకూడదు. స్టెప్నీని మాత్రం మరచిపోకండి. ఆరోజు చిన్నాయన స్టెప్నీలో ఉన్నది 12 పాయింట్లు. దానికీ ఆకుపచ్చ మూతే!

మొల తీయించి, అన్నిట్లో మామూలు గాలే పట్టించి బయల్దేరాం. శ్రీశైలం చేరేదాకా చిన్నాయన ఆగిన ప్రతిచోటా దిగి, ఆ ఎడమ టైరును కాలితో తట్టి చూశారు. తిరిగొచ్చాక ఓ ప్రెషర్ గేజ్ కొనిచ్చాను. మొన్న ఫోన్ చేసి, పక్కింటివాళ్ల బండికీ తానే చూస్తున్నానని చెప్పారు. ఆకుపచ్చ మూతలు మాత్రం తీయలేదట, ‘మంచిగ కొడ్తున్నయ్ బిడ్డా, ఉండనీ’ అని.